నాలుగో వరుస ఉపవాసం

నమోదు 1. మంగళవారం, ఉదయం పాళీ.

పీడనం మామూలు. ధార మామూలు. ఉప్పు 110. పొరకు బెల్లం నీళ్లు ఆరింటికి పట్టారు.

నాలుగో వరుస ఇళ్లకు సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే పొర పాళీ పుస్తకం ఇది. చివరి గడి రిమార్కులది. పదకొండేళ్లుగా అందులో 'ఏమీ లేవు' అని రాస్తూ వచ్చాను. ఇకమీద ఉన్నవి రాస్తాను. గడి చాలకపోతే ఎదుటి పేజీ వాడతాను. పైవాళ్లు ఈ పుస్తకం తెరవరు కాబట్టి అభ్యంతరం ఉండదు.

ఇవాళ తాయారు మరణ ధ్రువపత్రం వచ్చింది. తాయారు నా భార్య. పోయి నలభై రోజులైంది. కారణం అన్నచోట ఇలా ఉంది: "మూత్రపిండాల రోగి. ఆహార నియమాలు పాటించనందున రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగినది."

పాటించలేదట.

ఆమె అరటిపండు ముట్టి ఆరేళ్లు. కొబ్బరినీళ్లు, టమాటా, కందగడ్డ అన్నీ మానేసింది. కూరముక్కల్ని రెండు చెంబుల నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో కడిగి అప్పుడు తాలింపు వేసేది. ముక్కల్లో పొటాషియం ఎక్కువ, నీళ్లలో తక్కువ. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి దానంతటదే దిగిపోతుంది. ఆ సంగతి ఆమెకు చెప్పింది నేనే. అలా వండిన కూరకు రుచంటూ మిగలదు. ఇద్దరం అదే తిన్నాం.

ధ్రువపత్రం సరిదిద్దమని అర్జీ పెట్టాను. ఆధారం జతచేయమన్నారు.

నమోదు 2. బుధవారం, ఉదయం పాళీ.

ఉప్పు 112. బెల్లం నీళ్లు ఆరూ అయిదుకి.

పాళీ దిగాక నాంచారయ్య బాబాయి దగ్గర కూర్చున్నాను. మా వంతెనమీదే, మూడిళ్లవతల ఉంటాడు. డెబ్బై ఏళ్లు. ఊరు సముద్రంలో కలిసి, మనుషులు ఈ స్తంభాలమీదికి ఎక్కినప్పుడు తొలి పడవలో వచ్చినవాళ్లలో ఒకడు. ఇప్పుడు వలలు బాగుచేస్తాడు. ఆయనవీ పాడైన కిడ్నీలే. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి పోయి రక్తం కడిగించుకుంటాడు. వారంలో మొదటి వంతుకు తాయారూ ఆయనా ఒకే పడవలో వెళ్లేవాళ్లు, రెండో వంతు వేరు వేరు రోజులు.

ధ్రువపత్రం చదివి వినిపించాను.

"నియమాలు పాటించలేదా?" అన్నాడు. "ఓయబ్బో. పడవలో నేను పల్లీ ఒకటి నోట్లో వేసుకుంటే, ఉమ్మేసిందాకా ఊరుకునేది కాదు కదయ్యా ఆవిడ."

వలలో ఒక ముడి బిగించాడు. తరవాత, "నాకూ అప్పుడు ఆ మూణ్ణాళ్లూ కాళ్లలో సత్తువ లేదబ్బాయ్. వేళ్లు తిమ్మిరి. గుండె ఉండుండి జారినట్టయ్యేది. నా వంతు గురువారం కాబట్టి కడిగేశారు, లేచి కూర్చున్నా. ఆవిడ వంతు శుక్రవారం."

"ఏ మూణ్ణాళ్లు?"

"అదే. కుళాయి జోరుగా వచ్చిందే. పొరకి బెల్లం మాన్పించిన ఉపవాసం రోజులు."

తాయారు పోయింది ఆ గురువారం సాయంత్రం.

నమోదు 3. గురువారం, ఉదయం పాళీ.

ఉప్పు 110.

ప్రతిరోజు నీళ్లు ఒక సీసాలో పట్టి, పాడవకుండా రెండు చుక్కల ఆమ్లం వేసి, తేదీ రాసి అరవై రోజులు దాచడం మా పద్ధతి. మూడు ఉపవాసపు రోజుల సీసాలు అరలోనే ఉన్నాయి. అనుమతి లేకుండా తీసుకున్నాను. ఈ వాక్యం ఎవరైనా చదివితే నేరం ఒప్పుకున్నట్టే లెక్క. ఒప్పుకుంటున్నాను.

ఆసుపత్రి ల్యాబులో రక్తం పరీక్షించే యంత్రం ఒకటే ఉంది. అక్కడి అమ్మాయికి మూడో రోజు సీసాలోంచి కొంచెం చిన్న గొట్టంలో పోసి ఇచ్చాను. ఏమిటని ఆమె అడగలేదు. పనిలో ఉంది. యంత్రం చీటీ బయటికి తోయగానే తలెత్తింది.

"సోడియం అసల్లేదు, ఇదేదో తేడాగా ఉందండీ. పొటాషియం మాత్రం ఆరు పాయింట్ నాలుగు. పేషెంటెక్కడ? వెంటనే చేర్చండి."

"పేషెంటు కాదమ్మా. కుళాయి."

ఆమె నవ్వబోయి ఆగింది. ఇంకోసారి పెట్టి చూసింది. ఆరు పాయింట్ నాలుగే. నిన్నటి నీళ్లు పెట్టమన్నాను. సున్నా పాయింట్ మూడు.

లెక్క వేశాను. ఆ రోజు చెంబుడు నీళ్లలో, అరగ్లాసు కొబ్బరినీళ్లలో ఉన్నంత పొటాషియం ఉంది. తాయారు ఆ నీళ్లే తాగింది. ఆ నీళ్లతోనే అన్నం వండింది. ముక్కల్లోని పొటాషియం దింపడానికి ఆ నీళ్లలోనే ఉడికించింది. ఆ నీళ్లు ముక్కల నుంచి ఏం తీసుకుని ఉంటాయి? ఆ మూడు రోజులూ నేను పక్కన నిలబడి చూశాను.

నమోదు 4. శుక్రవారం, ఉదయం పాళీ.

ఉప్పు 111.

ఇది ఎలా జరిగిందో వివరంగా రాయాలి. ఆధారం అడిగారు కాబట్టి.

మా పొర మడచెట్టు వేరు కణాలతో పెంచింది. వేలెడు మందం, వంద గజాల పొడవు. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఊరు. నీళ్లను వాటి దారిన వదిలేస్తే ఉప్పున్న వైపుకే పోతాయి. మనం పీడనం పెట్టి ఇటు తోస్తాం. నీళ్లు పట్టే సన్నటి దారులు కణాల గోడల్లో ఉన్నాయి, వాటిలో ఉప్పు దూరదు. అయినా కొంత లోపలికి చొరబడుతుంది. దాన్ని కణాలు ఒక్కో రేణువుగా బయటికి గెంటుతాయి, తమకు కావలసిన పొటాషియాన్ని ఒక్కో రేణువుగా లోపలికి లాక్కుని దాచుకుంటాయి. రెండూ ఎదురు ఈదే పనులే. దానికి బలం కావాలి. అందుకే బెల్లం నీళ్లు.

బెల్లం ఆపితే గెంటడం ఆగుతుంది, లాక్కోవడం ఆగుతుంది. కణాల మధ్య అతుకులు వదులై నీళ్లు జోరుగా వస్తాయి. దాచుకున్న పొటాషియం ఇటు కారిపోతుంది. మీటరు మొత్తం ఉప్పు చెబుతుంది. ఏ ఉప్పో చెప్పదు. పరిమితి అయిదు వందలు. ఆ మూడు రోజులు 470, 480, 490. మూడింటి పక్కన 'పరిమితి లోపే' అని రాసి ఉంది. చేతిరాత నాది.

మధ్యాహ్నం దయామణి దగ్గరికి వెళ్లాను. పొరకు బెల్లం పట్టే ఆరుగురికీ ఆమె పెద్ద. నాకంటే మూడేళ్లు చిన్న, నోరు పెద్దది. చీటీ చూపించి, ఈ ఉపవాసం ఎవరు మొదలుపెట్టారని అడిగాను.

"నన్నడుగుతారేంటి? మీవాళ్లే. మా బెల్లం పనిలో ఉన్న కోటిలింగం వాళ్ల నాన్న. పొర అమ్మవారంట, అమ్మకి ప్రాణముందంట, ప్రాణమున్నోళ్లు ఏకాదశికి ఉండాలంట. పసుపు రాసి, పువ్వులెట్టి, ఆ పూట బెల్లం మానేవోళ్లు. పూటే. అదీ మా పనోళ్ల సంగతి." ఆగి నా మొహం చూసింది. "ఆ రోజు నీళ్లెక్కువొస్తన్నాయని కొలిచి, కాగితం రాసి, పైకి పంపిందెవరు? సెప్పండి నారాయణగారూ. శాలువా కూడా కప్పారుగా."

నేనే. ఎనిమిదేళ్ల కిందట. 'ఉపవాసపు రోజున ధారలో పన్నెండు శాతం పెరుగుదల.' డిగ్రీ చదివినవాడిని. ఎక్కువ నీళ్లు కొలిచాను. ఆ నీళ్లలో ఏమున్నదో కొలవలేదు.

ఆ కాగితం మీదే నీళ్ల సంస్థ ఉత్తర్వు తయారైంది. పూట కాస్తా ఎండాకాలంలో మూడు రోజులైంది. ఉత్తర్వు ప్రతి ఆఫీసులో చదివాను. క్లాజు నాలుగు: "ఆసుపత్రి పొరకు, ఒకటో వరుస పొరకు ఉపవాసం వర్తించదు. రసాయన విభాగం సూచన మేరకు."

ఒకటో వరుసలో ఆఫీసర్లుంటారు.

సూచన మేరకు. అంటే ఎవరో కొలిచారు. ఎవరికో తెలుసు. తెలిసినవాళ్లు తమ కుళాయి వరకు జాగ్రత్తపడి, మిగతా మూడు వరుసలకు పువ్వులు పెట్టించారు.

నమోదు 5. శనివారం, ఉదయం పాళీ.

ఉప్పు 110.

కొత్త ఉత్తర్వు వచ్చింది. సోమవారం ఏకాదశి మొదలుకొని నాలుగో వరుస పొరకు ఏడు రోజుల ఉపవాసం. సప్తాహం అని పేరు పెట్టారు. అయిదో వరుసకు కట్టిన పెద్ద ట్యాంకు ప్రారంభోత్సవం ఉంది. ఆ వేళకు అది నిండి పొర్లుతూ కనిపించాలి. నింపే పని నాలుగో వరుస పొరది.

ఏడో రోజుకు నీళ్లు ఎలా ఉంటాయో కొలిచినవాళ్లు లేరు. మూడు రోజులకే తాయారు పోయింది. నాలుగో వరుసలో కిడ్నీల రోగులు పదిహేను మంది. జాబితా ఆసుపత్రి నుంచి తెచ్చాను. అందరికంటే చిన్నామెకు ఇరవై రెండు.

ఇంజనీరు ఫల్గుణరావుగారిని కలిశాను. చీటీలు బల్లమీద పెట్టాను. ఆయన చీటీలు చూడలేదు.

"సీసాలు ఎవర్నడిగి బయటికి తీసుకెళ్లారు?"

"ఎవరినీ అడగలేదు సార్."

"కూర్చోండి. పరిమితి అయిదొందలు. రీడింగు నాలుగొందల తొంభై. సంతకం ఎవరిది?"

"నాది."

"మరింకేంటండీ?"

"ఆ పరిమితి మొత్తం ఉప్పుకు సార్. అందులో దాదాపు అంతా పొటాషియం."

"మూడు వేల మంది తాగారు నారాయణగారూ. మీకు గానీ నాకు గానీ ఏమైనా అయిందా?"

"మీరు తాగలేదు. మీది ఒకటో వరుస."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ బాధ నేనర్థం చేసుకోగలను. ఓ నెల సెలవు పెట్టండి, నేను మంజూరు చేయిస్తా."

"బాధ గురించి రాలేదండీ. క్లాజు నాలుగు గురించి వచ్చాను. అది ఎందుకు పెట్టారు?"

"అది నాకంటే ముందున్నాయన పెట్టింది."

"తీసేయండి. లేదా అందరికీ పెట్టండి."

"పదిహేను మంది కోసం ఊరి ట్యాంకు ఆపమంటారా? వాళ్లని ఈ వారం ఆసుపత్రి నీళ్లు తాగమనండి."

ఆసుపత్రికి వెళ్లాను. పడకలు ఎనిమిది, ఎనిమిదీ నిండి ఉన్నాయి. చేరినవాళ్లకు తప్ప బయటికి చెంబు నీళ్లు ఇవ్వకూడదని రూలు. ఒకటో వరుస కుళాయి ఆ వరుస బిళ్ల పెడితేనే తిరుగుతుంది. ముందే పట్టి దాచుకుందామంటే, పొర నీళ్లు రెండో రోజుకు జిగురు పడతాయి. కాచినా అంతే. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలకు కూడా తెలిసిన విషయం. ఫల్గుణరావుగారికి తెలియకుండా ఉండదు.

నమోదు 6. ఆదివారం. పాళీ లేదు.

వంతెనమీద పదిమందిని పిలిచి చెప్పాను. నాకు మాట్లాడడం రాదు. చీటీ చదివాను, జాబితా చదివాను.

చివరింటి రత్తమ్మగారు చీపురు పట్టుకునే విన్నది. "సప్తాహం రోజుల్లో ఇంటికింకో బిందె వస్తదన్నారు. నా ఇంట్లో ముగ్గురు చంటిపిల్లలు. మీరు వద్దంటే ఆ బిందె మీరిస్తారా?"

ఇవ్వలేను. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. ఆమెకు ఇంకో బిందె ఇవ్వడానికి రెండో పొర పెంచాల్సింది పోయి, ఉన్నదాని కడుపు మాడ్చారు. అది ఆమెమీద విసుక్కోవలసిన విషయం కాదు. నేను విసుక్కోలేదు.

నాంచారయ్య బాబాయి లేచి, "నా కోసమైతే ఇంత గొడవొద్దబ్బాయ్. నాకు డెబ్బై. వలలో చేప కూడా ఇన్నాళ్లు గింజుకోదు," అన్నాడు. జనం నవ్వారు. నవ్వి ఇళ్లకు వెళ్లిపోయారు. ఆయన ఒక్కడే మిగిలి, కాస్త గొంతు తగ్గించి, "రేపటికి సరిపడా పట్టి పెట్టుకున్నాలే. ఎల్లుండి సంగతేంటి?" అని అడిగాడు.



నమోదు 7. సోమవారం, ఏకాదశి.

ఆరింటికి పొర చట్రానికి పసుపు రాశారు. బెల్లం గదికి తాళం వేసి చెవి ఆఫీసువాళ్లు తీసుకుపోయారు. పదింటికి ఉప్పు 240. మధ్యాహ్నం 390. సాయంత్రం 470. కుళాయిలు జోరుగా వస్తున్నాయి. 'పరిమితి లోపే' అని రాయలేదు. పొటాషియం అని రాసి కింద గీత గీశాను.

పాళీ దిగే వేళకు దయామణి తన ఆరుగురినీ చట్రం ముందు నిలబెట్టింది. నన్ను వెళ్లనివ్వలేదు.

"కోటిలింగం, ఓ మాట చెప్పు. ఏకాదశి ఉన్నోళ్లు ఎప్పుడు తింటారు?"

కోటిలింగం అరవై దాటినవాడు, భక్తుడు. ఉపవాసం నీరసంలో ఉన్నాడు. "ద్వాదశి పొద్దున. పారణ."

"తినకపోతే?"

"ఉపవాసం చెడిపోద్ది. పాపం కూడాను."

"నువ్వు రేపు తింటావా?"

"తినక?"

"మీ అమ్మవారో?"

అతను పొరవైపు చూశాడు. పక్కనున్నవాళ్లు కూడా చూశారు.

"ఆర్డరేమో ఏడు రోజులంది," అన్నాడు కోటిలింగం.

"ఏడు రోజులు ఏ పంచాంగంలో ఉందయ్యా? నేను ప్రార్థనకి పోయేదాన్ని, నాకే తెలుసు మీ పద్ధతి. మీ నాన్న పూట మానిపించాడు, మర్నాడు పొద్దున్నే రెండింతలు పెట్టేవోడు. నా కళ్లతో చూశా. వీళ్లు మానిపించడం నేర్చుకున్నారు, పెట్టడం నేర్చుకోలా."

ఎనిమిదేళ్ల కిందట నేను ఏకాదశి రోజు మాత్రమే కొలిచాను. ద్వాదశి నాడు రెండింతలు పెడుతున్నారని నా కాగితంలో ఒక్క ముక్క లేదు.

"బెల్లం గదికి తాళముంది," అన్నాడు కోటిలింగం. అతని గొంతులో ఇప్పుడు వేరే రకం లెక్క వినిపించింది.

"ఇళ్లకి లేదుగా," అంది దయామణి.

నమోదు 8. మంగళవారం, ద్వాదశి.

సూర్యోదయం 5.52. ఉప్పు 480.

బెల్లం పళ్లేల్లో, చెంగుల్లో, పాత డబ్బాల్లో వచ్చింది. కోటిలింగం స్నానం చేసి తడిబట్టలతో వచ్చాడు. జాబితాలోని పదిహేను ఇళ్ల నుంచి పన్నెండు ఇళ్లవాళ్లు వచ్చారు. తతిమ్మా వరుస నుంచి ముప్పై మంది దాకా. రత్తమ్మగారు రాలేదు. ఆమె ఇంటి బెల్లం ఆమె ఇష్టం. మా ఇంట్లో రెండు కిలోలుంది, తాయారు తెప్పించింది. అదీ తెచ్చాను.

మొత్తం ముప్పై ఒక్క కిలోలు. రోజువారీ మోతాదు నలభై. తక్కువే, అయినా పొర లేవడానికి చాలుతుంది.

దయామణి, ఆమె మనుషులు తొట్టిలో కరిగించారు. ఇక తిప్పవలసింది బెల్లం నీళ్లు పొరకు వదిలే తూము. దాని తాళంచెవి పాళీ అధికారి దగ్గర ఉంటుంది. అది నేను. దయామణి చెయ్యి చాచింది. "నాకివ్వండి. నేనైతే కూలిదాన్ని, మహా అయితే మాన్పిస్తారు. మీకింకా రెండేళ్ల సర్వీసుంది."

ఇవ్వలేదు. నేనే తిప్పాను. సమయం 6.10. తిప్పినవాడు భావనారాయణ, నాలుగో వరుస ఉదయం పాళీ అధికారి. ఇది రిమార్కు కాదు. బెల్లం గడిలోనే రాశాను, ఎక్కడ రాయాలో అక్కడ.

ఎనిమిదింటికి 475. మీటరు అసలు కదలడం లేదనిపించింది. పస్తున్న కణాలు ముందు తమ కడుపు నింపుకుంటాయి. ఆ తరవాతే పని మొదలుపెడతాయి. మనుషులైనా అంతే కదా. పదకొండుకు 430. మధ్యాహ్నం 360. కుళాయిల జోరు తగ్గింది. ఆఫీసు నుంచి మూడుసార్లు ఫోను మోగింది. ఎత్తలేదు. కోటిలింగం, తోటి పనివాళ్లు చట్రం ముందే కూర్చుని భోజనం చేశారు. తూముకు తాళం వేయడానికి వచ్చిన ఇద్దరు గుమాస్తాలు, పూజ జరుగుతోందేమో అనుకుని చెప్పులు విడిచి కాసేపు నిలబడి వెళ్లిపోయారు.

సాయంత్రం 250.

బాబాయి పట్టి ఉంచుకున్న నీళ్లు మధ్యాహ్నానికే జిగురు పడ్డాయి. కుళాయి తిప్పవద్దని చెప్పాను. "తిప్పనులే. నోరెండిపోతే ఒకటే మంచిది, తిట్టడానికి మాట రాదు," అన్నాడు. అయినా ఫల్గుణరావుగారిని అరగంట తిట్టాడు.

నమోదు 9. బుధవారం, ఉదయం పాళీ.

ఆరింటికి ఉప్పు 140. ఏడింటికి 118. ల్యాబు అమ్మాయి డ్యూటీ ఎక్కకముందే పరీక్ష చేసి చీటీ ఇచ్చింది. పొటాషియం సున్నా పాయింట్ నాలుగు. చీటీ వెనక తన పేరు, సంతకం, సమయం రాసింది. నేను అడగలేదు.

ఎనిమిదింటికి బాబాయి ఇంటికి వెళ్లాను. ఆయన పెదవులు పగిలి ఉన్నాయి. వేళ్లు తిమ్మిరి లేవన్నాడు. గుండె జారడం లేదన్నాడు. కుళాయి నేనే తిప్పి గ్లాసు నింపాను. మిగతా పద్నాలుగు ఇళ్లకు దయామణి వెళ్లింది.

ఆయన ఒక గుటక వేసి ఆగాడు.

"ఇంత రగడ దీనికా? చప్పగా ఉంది."

"ఉండాలి బాబాయ్."

"ఇంకో గ్లాసు?"

"మెల్లగా. మీకు రోజుకు లీటరే."

"తాగితే ఒక ఏడుపు, తాగకపోతే ఒక ఏడుపు. మీ ఆవిడే నయం, నవ్వుతా తిట్టేది."

అప్పుడే ఆఫీసు బంట్రోతు మస్తాన్ వచ్చాడు. గుమ్మంలో నిలబడి కవరు చాపాడు. మెమో. అభియోగం పై వరుసలోనే కనిపిస్తోంది: "సంస్థ పొరకు అనుమతి లేకుండా ఆహారం పెట్టినందుకు." తినిపించడానికి అనుమతి కావాలట. మాడ్చడానికి ఎనిమిదేళ్లుగా ఎవరి అనుమతీ అడిగినవాళ్లు లేరు. తాయారును అడగలేదు. ఈ ముసలాయన్ని అడగలేదు. పదిహేను ఇళ్లలో ఒక్క గుమ్మం ముందుకు వచ్చి, ఈ వారం మీ నీళ్లలో ఇది ఉంటుంది అని చెప్పినవాళ్లు లేరు. క్లాజు నాలుగు రాసినవాడికి మాత్రం తన గుమ్మం గుర్తుంది.

"సంతకం పెట్టండి సార్. పదింటికల్లా తెచ్చెయ్యమన్నారు," అన్నాడు మస్తాన్.

"ఆగు."

"ఇంజనీరుగారు కూర్చునున్నారండీ."

"కూర్చోనీ. నువ్వూ కూర్చో."

బాబాయి గ్లాసులో ఇంకా సగం ఉంది. డాక్టరు చెప్పినట్టు చిన్న చిన్న గుటకలు వేస్తున్నాడు. మస్తాన్ కాసేపు నిలబడి, తరవాత గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. కవరు మోకాలిమీద పెట్టుకున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను ఆ కవరుకు చెయ్యి చాచలేదు.